గడువు ముందు మాయమైన గంట

నిప్పుల మీద కాల్చిన తెల్ల సాసేజిని ఆవముద్ద తగలకుండా తినాలన్న జ్ఞానం మా సాంక్ట్ గాలెన్‌లో పుట్టినవాళ్ళకు ఉగ్గుపాలతోనే అబ్బుతుంది. ప్రైవేటు డిటెక్టివ్ ఒట్టిలియా గ్రాఫ్‌కు అది మతంతో సమానం. ఆ బుధవారం ఉదయం ఆమె తన ఆఫీసులో రెండో సాసేజి కొరకబోతుండగా, తలుపు తోసుకుని ఒక పొట్టి ఆవిడ లోపలికి వచ్చి, ఎవరూ కుర్చీ చూపించకముందే ఏడుస్తూ కూలబడింది. అరవై దాటిన మనిషి. ఆకుపచ్చ అట్టల కాగితాల కట్ట ఒకటి ఆవిడ గుండెలకు హత్తుకుని ఉంది.

"దొంగలు పడ్డారమ్మా! రేపు పదకొండింటికి నా పరువు ఉత్తర సముద్రంలో కలిసిపోతుంది!"

అసిస్టెంటు క్లెమెన్స్ హూటర్ పరుగున వెళ్ళి మంచినీళ్ళు తెచ్చాడు. ముప్పై ఏళ్ళ క్లెమెన్స్ దృష్టిలో ఈ ప్రపంచంలో తెలివైనవాళ్ళు ఇద్దరే. ఒకరు గ్రాఫ్ గారు. రెండోవారు సాసేజి తిన్న తర్వాతి గ్రాఫ్ గారు.

"అప్పెన్‌జెల్ నుంచి వచ్చారు కదూ?" అంది గ్రాఫ్.

"ఎలా కనుక్కున్నారు?"

"తలుపు గడియ అందుకోవడానికి మునివేళ్ళ మీద లేచారు."

ఏడుస్తున్న ఆవిడ టక్కున ఏడుపు ఆపింది. "మేం పొట్టివాళ్ళం కాదమ్మా, మా కొండలు ఎత్తు. వాటి పక్కన నిలబడీ నిలబడీ ఇలా కనిపిస్తాం అంతే. మీ ఊళ్ళో ఆ ఇబ్బంది లేదుగా!" అని, మళ్ళీ ఏడుపు మొదలుపెట్టింది.

ఆవిడ పేరు ఫిలోమెనా ఇనావెన్. చిన్న పుల్లలతో తీగల మీద కొట్టి వాయించే హాక్‌బ్రెట్ వాద్యం ఆవిడది. నలుగురు మనుషుల బృందం వాళ్ళది. నాయకుడు బాప్టిస్ట్ బ్రోగర్ మనిషెత్తు బేస్ వాద్యం వాయిస్తాడు. రాఫాయెల్ నెఫ్‌ది ఫిడేలు. పశువుల కాపరి మాగ్నుస్ డోరిగ్ మూడు పెద్ద ఆవుగంటల్ని రెండు చేతులా పట్టి ఊపుతాడు. మట్టి గిన్నెల్లో వెండి నాణేలు తిప్పి ఝుమ్మనిపించడం అందరికీ వచ్చు. ఏడాది క్రితం ఈ నలుగురూ జర్మనీ ఉత్తర తీరాన ఓస్టర్‌జీల్ అనే ఊళ్ళో, సముద్రకాకి హోటల్లో, రోజూ సాయంత్రం భోజనాల వేళ వాయించడానికి వెళ్ళారు. జనానికి నచ్చింది. ఇంకో ఏడాది ఉండమని హోటల్ వాళ్ళు అడిగారు.

"ఆ కట్ట ఏమిటి?" అన్నాడు క్లెమెన్స్.

"కార్నే అంటారు నాయనా. సరుకుల పాస్‌పోర్టు అనుకో. ఈ వాద్యాలు మీ దేశంలో అమ్మం, తిరిగి తీసుకెళ్ళిపోతాం, సుంకం అడక్కండి అని మాటివ్వడం. ఏడాదే దాని ఆయుష్షు. పాతది ఎల్లుండి శుక్రవారంతో చచ్చిపోతుంది."

"దాని మీదే ఇంకో ముద్ర కొట్టి పొడిగిస్తే సరిపోదూ?"

"ఆ పప్పులేం ఉడకవు. దాని స్థానంలో కొత్తది తీసుకోవాలి. ఇదిగో, మీ ఊరి వాణిజ్య మండలిలో ఇప్పుడే తీసుకున్నా. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి, జాబితాలో ఉన్న ప్రతి వస్తువూ అక్కడి కస్టమ్స్ ఆయన కళ్ళముందు పెట్టాలి. రేపు పదకొండింటికి రమ్మన్నాడు. ఒక్కటి తగ్గినా కొత్తదాని మీద ముద్ర పడదు. ఆ ఒక్కటీ తిరిగి రాకపోతే, దాన్ని అక్కడ అమ్ముకున్నామనే లెక్క. సంతకం నాది!"

"ఏం పోయాయి?" అంది గ్రాఫ్.

"పెద్దగంట. బాప్టిస్ట్ బేస్ కమాను. ఇందాక హోటల్‌కి ఫోన్ చేస్తే బాప్టిస్టే చెప్పాడు. ఆ గంటలు మూడూ మాగ్నుస్ ముత్తాత నాటివి, ఒకే కొలిమిలో పుట్టినవి. పెద్దది లేకపోతే మిగతా రెండూ తల్లి లేని పిల్లలే కదమ్మా."

గ్రాఫ్ సాసేజి పక్కన పెట్టింది. అది చూసి క్లెమెన్స్‌కు ఒళ్ళు పులకరించింది. ఆమె సాసేజి పక్కన పెట్టిందంటే కేసు తీసుకున్నట్టే.

"ఇంకో ఏడాది ఉందామని ఎవరు తేల్చారు?"

"మా ఊరి పద్ధతే. ఎన్నికల రోజున మైదానంలో అందరం నిలబడి చెయ్యెత్తుతాం చూడండి, అలాగే. మా ఆడవాళ్ళకి చెయ్యెత్తే హక్కు వచ్చింది ఈమధ్యే కాబట్టి నేను ఒక్క అవకాశం కూడా వదులుకోను. 'ఉందామా?' అన్నాడు బాప్టిస్ట్. నలుగురం ఎత్తాం. ఏకగ్రీవం."

"ముందు ఎవరి చెయ్యి లేచింది?"

ఫిలోమెనా తడబడింది. "ఏమోనమ్మా. నేను పక్కకి చూసేసరికి అన్నీ లేచే ఉన్నాయి."

అప్పటికప్పుడు రైలెక్కి ముగ్గురూ బయల్దేరారు. దారిలో ఒక జర్మన్ స్టేషన్లో గ్రాఫ్ సాసేజి కొంటే, అమ్మే కుర్రాడు అడక్కుండానే దాని నిండా ఆవముద్ద పూశాడు. గ్రాఫ్ దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని చాలాసేపు చూసి, క్లెమెన్స్ చేతిలో పెట్టి, "ఈ దేశంలో ఏ నేరమైనా జరగొచ్చు" అంది. ఆ తర్వాత హాంబర్గ్ దాకా మాట్లాడలేదు.

ఓస్టర్‌జీల్ స్టేషన్లో దిగేసరికి వాన, గాలి. క్లెమెన్స్ గొడుగు విప్పాడు. అది క్షణంలో వెనక్కి తిరిగి, పువ్వులా విచ్చుకుని, చువ్వలు విరిగి వేలాడింది. హోటల్ రిసెప్షన్ బల్ల దగ్గరున్న ఆంకె అనే అమ్మాయి పకపకా నవ్వింది. "ఇక్కడ గొడుగు పట్టేవాడు ఉండడండీ, అందరం రబ్బరు కోట్లే. ఆ మూల ఇత్తడి గొట్టం ఉంది చూడండి, గొడుగులదే. మా తాతల నాటి అలంకారం. అందులో పడెయ్యండి." గొట్టం నిండా దుమ్ముపట్టిన చేతికర్రలూ, పాత గొడుగులూ ఉన్నాయి. క్లెమెన్స్ తన గొడుగు శవాన్ని వాటి మధ్య దోపి వచ్చేశాడు.

భోజనంలో చేప. సూపులో చేప, కూరలో చేప, బంగాళాదుంపల పక్కన కూడా చేపే. "మా ఊళ్ళో శుక్రవారం ఒక్కరోజే చేప తింటాం" అంది ఫిలోమెనా నీరసంగా. "ఇక్కడ వారానికి ఏడు శుక్రవారాలు."

భోజనాలయ్యాక గ్రాఫ్ ఒక్కొక్కరినే పిలిచింది. ముందు బాప్టిస్ట్. డెబ్భై దాటిన పెద్దమనిషి, తెల్ల గడ్డం, చెవికి బంగారు పోగు.

"ఏం పోయాయి?"

"గంట, కమాను, నడిమి గిన్నె."

"గిన్నె కూడానా?" అన్నాడు క్లెమెన్స్.

పక్కనే ఉన్న ఫిలోమెనా ఉలిక్కిపడింది. "అయ్యో, గిన్నె కూడానా!"

"పొద్దున ఫోన్లో మూడూ చెప్పానుగా ఫిలోమెనా."

"కంగార్లో సరిగ్గా పట్టించుకోలేదేమో" అందావిడ, శాలువా సర్దుకుంటూ.

గ్రాఫ్ ఆవిడ వైపు చూడనైనా చూడలేదు. "బాప్టిస్ట్ గారూ, మీవాళ్ళు ఏదైనా పోతే సెయింట్ ఆంటనీకి కొవ్వొత్తి వెలిగిస్తారు కదా. వెలిగించారా?"

బాప్టిస్ట్ నేల చూపులు చూశాడు. "ఇక్కడ గాలి ఎక్కువండీ. నిలవదు."

తర్వాత మాగ్నుస్. గుమ్మం పట్టనంత వెడల్పు మనిషి. మాట మాత్రం ఏడాదికి సరిపడా పొదుపు.

"ఏం పోయాయి మాగ్నుస్?"

"కమాను. గిన్నె."

"బాధగా ఉందా?"

"ఉంది. ఎవడో దొంగ వెధవ."

"రోజూ తెల్లారే ఎక్కడికి పోతారు?"

"ఆవుల దగ్గరికి. హోటల్ వెనక ఒకాయనకి ఉన్నాయి."

"ఎలా ఉన్నాయేం, ఇక్కడి ఆవులు?"

మాగ్నుస్ ముఖంలో మొదటిసారి మనిషి కనిపించాడు. "మంచివే. పొడుగ్గా ఉంటాయి. పాపం, బోడి మెడలు."

చివరికి రాఫాయెల్. ఇరవై ఎనిమిదేళ్ళవాడు, అందగాడు. లోపలికి వచ్చేముందు ఆంకె బల్ల దగ్గర లేదని రెండుసార్లు చూసుకుని మరీ వచ్చాడు.

"దారుణం మేడమ్. గంట పోయింది, గిన్నె పోయింది. రేపేం చూపిస్తాం?"

"కమాను?"

"ఆ, అదీ. అవును, అదీ పోయింది." వాడి చెవులు ఎర్రబడ్డాయి. "అయినా బాప్టిస్ట్ మామ దాన్ని చూసుకునే తీరు అలాంటిది. వాయించాక కమాను వెంట్రుకలు వదులు చేసి పెట్టాలి. వందసార్లు చెప్పా. ఎప్పుడూ బిగించే వదిలేస్తాడు. నాకు చూస్తేనే ప్రాణం విలవిల్లాడుతుంది."

"కొవ్వొత్తి వెలిగించలేదట, ఏం?"

"అదే నాకూ అర్థం కాలేదు. చొక్కా బొత్తాం ఊడినా కొవ్వొత్తి వెలిగించే మనిషి. ఈసారి నేను అగ్గిపెట్టె తీస్తే లాక్కుని జేబులో వేసుకున్నాడు."

"ఆంకె కోసమే నువ్వు ఇక్కడ ఉండిపోవాలనుకుంటున్నావని మీవాళ్ళంతా అంటున్నారు."

"అనుకుంటారు" అన్నాడు రాఫాయెల్, గొంతు దిగిపోయి. "అనుకోనివ్వండి."

తన గదికి పోతూ క్లెమెన్స్ మనసులో నేరస్థుణ్ణి తేల్చేశాడు. కొవ్వొత్తి వద్దన్నవాడే దొంగ. గ్రాఫ్ గారు ఆ మాట తన నోట వినాలని చూస్తున్నారేమోనని కూడా అనుకున్నాడు, కానీ ధైర్యం చాలలేదు. కిటికీ తెరిచి పడుకున్నాడు. కొత్త చోట నిద్రపట్టని మనిషికి ఆ రోజు పడుకోగానే పట్టేసింది. తెల్లారుతుండగా ఒకసారి మెలకువ వచ్చింది. దూరంగా ఆవుగంట, టంగ్ టంగ్‌మని మేతకు పోతోంది. ఇంకా టైముందిలే అనుకుని అటు తిరిగి పడుకున్నాడు.

ఉదయం ఫలహారాల బల్ల మీద రొట్టె, వెన్న, మళ్ళీ చేప, గోధుమరంగు మట్టి గిన్నెలో ఉడికించిన గుడ్లు. ఆంకె కాఫీ పోస్తుంటే రాఫాయెల్ వార్తాపత్రిక తలకిందులుగా పట్టుకుని దాని వెనక దాక్కున్నాడు. గ్రాఫ్ ఒక గుడ్డు తింది. ఇంకొకటి తింది. ఆ తర్వాత గిన్నెడు గుడ్లూ తన పళ్ళెంలోకి ఒంపేసుకుంది. క్లెమెన్స్ సిగ్గుతో చుట్టూ చూశాడు. ఖాళీ గిన్నె లోపలి గోడ మీద, గుండ్రంగా చుట్టూ అరిగిపోయిన చార ఒకటి కనిపించింది. చెంచాలు పెట్టి గీకేవాళ్ళు ఎక్కడైనా ఉంటారనుకున్నాడు.

"నిద్ర ఎలా పట్టింది క్లెమెన్స్?"

"మా అమ్మ దగ్గర పడుకున్నట్టే ఉంది మేడమ్. మంచం మంచిది."

"మంచమా?" గ్రాఫ్ నిట్టూర్చింది. "సరే, వెళ్ళి నీ గొడుగు పట్టుకురా."

"అది విరిగిపోయింది కదండీ?"

"పట్టుకురా నాయనా."

తెచ్చాడు. గ్రాఫ్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "గొడుగు ఒక్కటే తెచ్చావా? పోనీలే" అంది జాలిగా. తర్వాత రబ్బరు కోటు అడిగి తీసుకుని, ఒక గోనెసంచి పట్టుకుని, ఒంటరిగా బయటికి వెళ్ళిపోయింది.

పదకొండు కావస్తుండగా అందరూ రేవు పక్కన ఉన్న కస్టమ్స్ ఆఫీసుకు చేరారు. అధికారి టామ్సెన్ సన్నగా, పొడుగ్గా, జెండా కర్రలా ఉన్నాడు. "మోయిన్" అన్నాడు. ఆ ఊళ్ళో పొద్దునా సాయంత్రమూ పెళ్ళికీ చావుకీ ఆ ఒక్క పలకరింపే. బల్ల మీద పాత కార్నే, కొత్త కార్నే పక్కపక్కన పెట్టుకుని, ముద్ర చేత్తో పట్టుకుని కూర్చున్నాడు. నేల మీద వాద్యాలన్నీ వరసగా పేర్చారు. మూడు చోట్ల ఖాళీ. ఫిలోమెనా ఆ ఖాళీల వైపు చూడలేక కళ్ళు మూసుకుంది. ఏడాది క్రితం తన చేత్తో పెట్టిన సంతకం ఆ కాగితం మీద నల్లగా, స్పష్టంగా ఉంది. తిరిగి తెస్తానని మాటిచ్చిన సంతకం అది.

అప్పుడు గ్రాఫ్ వచ్చింది. మోకాళ్ళదాకా బురద. గోనెసంచి నేల మీద దించితే టంగుమంది.

"ముద్ర కొట్టనా?" అన్నాడు టామ్సెన్.

"కాసేపు ఆగండి. ముందు కథ వినండి."

"కథకి ముద్ర అక్కర్లేదు. చెప్పండి."

గ్రాఫ్ కుర్చీ లాక్కుని కూర్చుంది. "నిన్నటి నుంచి నేను మీ అందరినీ ఒకే ప్రశ్న అడిగాను. ఏం పోయాయని. పోయినవి మూడు. ఫిలోమెనా గారు గంట, కమాను అన్నారు. మాగ్నుస్ కమాను, గిన్నె అన్నాడు. రాఫాయెల్ గంట, గిన్నె అన్నాడు. ముగ్గురూ నిజంగానే భయపడ్డారు. కానీ ఒక్కొక్కరూ రెండింటికే భయపడ్డారు. మూడోది ఎక్కడుందో తెలిసినవాళ్ళు దాని కోసం ఎందుకు భయపడతారు?"

రాఫాయెల్ మాగ్నుస్‌ను చూశాడు. మాగ్నుస్ ఫిలోమెనాను చూశాడు. ఫిలోమెనా కళ్ళు ఇంకా గట్టిగా మూసుకుంది.

"అంటే, ముగ్గురూ దొంగలేనా మేడమ్?" అన్నాడు క్లెమెన్స్, తను తేల్చుకున్న దొంగ బాప్టిస్ట్ చెయ్యిజారిపోతున్న బాధతో.

"తలా ఒకటి. ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా. అందుకే మిగతా రెండూ ఎవడో దొంగ పట్టుకుపోయాడని ఎవరికి వారే వణికిపోయారు." గ్రాఫ్ సంచిలోంచి గోధుమరంగు గిన్నె తీసింది. "ఇది మన గుడ్ల గిన్నె. ఏళ్ళ తరబడి వెండి నాణెం తిరిగితే ఇలా గుండ్రంగా చార పడుతుంది. గుడ్లు తిరగవు. గిన్నె దాచాలంటే గిన్నెల మధ్యే దాచాలని వంటింట్లో పెట్టి రైలెక్కారు ఫిలోమెనా గారు. హోటల్ వాళ్ళు దాన్ని ఊరికే ఉంచుతారా, గుడ్లు పోశారు."

"గుడ్ల వాసన పోయేలా కడిగారా?" అంది ఫిలోమెనా, కళ్ళు తెరవకుండానే.

తర్వాత కమాను బయటికొచ్చింది. "ఇది గొడుగుల గొట్టంలో ఉంది. ఈ ఊళ్ళో ఎవరూ చెయ్యిపెట్టని చోటు అదొక్కటే. క్లెమెన్స్ రెండుసార్లు దీన్ని తాకే వచ్చాడు." క్లెమెన్స్ తల దించుకున్నాడు. "వెంట్రుకలు చూడండి, వదులు చేసి ఉన్నాయి. బాప్టిస్ట్ గారు ఎప్పుడూ వదులు చెయ్యరు. దొంగతనం చేస్తూ కూడా కమాను పాడవకూడదని ఆగినవాడు ఎవడు?"

"బిగించి వదిలేస్తే వంగిపోతుంది మేడమ్!" అన్నాడు రాఫాయెల్ ఉండబట్టలేక. అని నాలిక కరుచుకున్నాడు.

"ఇక గంట." గ్రాఫ్ సంచి అడుగు నుంచి చిన్న కుండంత గంటను రెండు చేతులా ఎత్తి పెట్టింది. "ఇది దాచనే లేదు. వెనక పొలంలో ఒక పొడుగాటి ఆవు మెడకి కట్టి ఉంది. తెల్లారుతూనే ఊరంతా వినిపించేలా మోగింది. మీరు నలుగురూ విన్నారు. క్లెమెన్స్ కూడా విన్నాడు. విని, హాయిగా నిద్రపోయాడు. మన కొండల్లో పుట్టినవాడికి ఆవుగంట వినిపించడం వింత కాదు, వినిపించకపోవడం వింత. కానీ ఇక్కడి ఆవులవి బోడి మెడలు. ఆ మాట నాకు చెప్పింది మాగ్నుసే."

"దానికి నచ్చింది" అన్నాడు మాగ్నుస్.

"నచ్చినట్టే ఉంది. విప్పబోతే నన్ను రెండుసార్లు బురదలో కూర్చోబెట్టింది."

"ఇప్పుడు ముద్ర కొట్టనా? మూడూ ఉన్నాయిగా" అన్నాడు టామ్సెన్, ముద్రను సిరాలో అద్దుతూ.

"ఒక్క నిమిషం. ఎందుకు దాచారో తెలియకుండా కొడితే మీ ముద్ర వృథా. అమ్ముకునేవాడు ఇంత భద్రంగా దాచడు. వీళ్ళకు కావలసింది ఒక్కటే, ఈ పదకొండింటి గడువు దాటిపోవడం. ఇవాళ ఒక్క వస్తువు తగ్గితే కొత్త కార్నే చెల్లదు. ముద్ర పడకపోతే హోటల్‌తో కొత్త ఒప్పందం లేదు. ఆ తర్వాత వస్తువు దొరికిందని సంబరం చేసుకుని, బండెక్కి, రేపటిలోగా సరిహద్దు దాటెయ్యొచ్చు. నిజమేనా మాగ్నుస్?"

మాగ్నుస్ గంటను ఒళ్ళోకి తీసుకున్నాడు. "కొండ మీదికి ఆవుల్ని తోలే రోజులొస్తున్నాయి. పోయినేడు నేను లేను. నా ఆవుల్ని మా బావమరిది తోలాడు." ఇంత పెద్ద మాట తాను మాట్లాడినందుకు తనకే ఆశ్చర్యమేసింది. "వాడికి పాడటం రాదు."

"ఆంకెకి పడవ కెప్టెన్‌తో పెళ్ళి కుదిరింది" అన్నాడు రాఫాయెల్ నేలకేసి చూస్తూ. "రోజూ పొద్దున్నే నాకు గుడ్డు పెడుతుంది. నవ్వుతూ పెడుతుంది. ఇంకో ఏడాది ఆ గుడ్లు తినలేను."

"నాకు చేప పడదు" అంది ఫిలోమెనా. అంతలోనే కిటికీ వైపు తిరిగింది. "చేప కాదులే. కిటికీ తెరిస్తే ఎదురుగా కొండ ఉండాలి నాకు. ఇక్కడ తెరిస్తే ఏముంది? ఆ చివరిదాకా ఏమీ లేదు. చూపు ఎక్కడ ఆనాలో తెలియక రోజూ పొద్దున్నే ఏడుపొస్తుంది."

"మరి చేతులెందుకెత్తారు?" అన్నాడు క్లెమెన్స్.

ముగ్గురూ ఒకేసారి బాప్టిస్ట్ వైపు చూపించారు. "ఆయన కోసం!"

"డెబ్భై ఏళ్ళకి జనం లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు ఆయనకి" అంది ఫిలోమెనా. "నా నోటితో వద్దని ఎలా అనను?"

బాప్టిస్ట్ ముఖం ఎర్రబడింది. గడ్డం సవరించుకున్నాడు. సమాధానం కోసం అందరూ ఆయన్నే చూస్తున్నారు. ఆయన వాళ్ళ ముఖాలు ఒక్కొక్కటే చూస్తున్నాడు.

"ఆగండి" అంది గ్రాఫ్. "ఇలాగే కదా మొదటిసారి చెడింది? మీ మైదానంలో చెయ్యెత్తే పద్ధతి గొప్పదే. వేలమంది మధ్య ఒకడి చెయ్యి ఎవడూ పట్టించుకోడు. నలుగురి మధ్య ఎత్తితే మాత్రం ఎవడి ఓటు వాడు వెయ్యడు, పక్కవాడి ముఖం చూసి వేస్తాడు. మళ్ళీ ఓటు పెడుతున్నాను. ఈసారి అందరూ కళ్ళు మూసుకోండి. క్లెమెన్స్, నువ్వు కూడా. నేనూ మూసుకుంటాను. టామ్సెన్ గారు ఒక్కరే చూసి లెక్కపెడతారు. ఆయన ఈ ఊరివాడు, మొహమాటం లేనివాడు."

"ఇది నా డ్యూటీలో లేదు" అన్నాడు టామ్సెన్.

"ముద్ర కొట్టాలో వద్దో తేలేది దీంతోనే."

టామ్సెన్ ముద్ర కింద పెట్టి, కళ్ళజోడు తుడుచుకుని సిద్ధమయ్యాడు.

అందరూ కళ్ళు మూసుకున్నారు. క్లెమెన్స్ కూడా మూసుకున్నాడు. బయట సముద్రం హోరు. ఆ హోరులో గ్రాఫ్ గొంతు వినిపించింది. "ఇంటికి వెళ్ళిపోదామనుకునేవాళ్ళు చెయ్యెత్తండి."

బట్టల గరగర. ఎవరిదో గట్టి ఊపిరి. గంట ఒకసారి చిన్నగా టంగుమంది. మాగ్నుస్ చెయ్యి ఎత్తినట్టున్నాడు.

"లెక్కపెట్టారా?"

"పెట్టాను" అన్నాడు టామ్సెన్. "మళ్ళీ పెడతానుండండి." కాసేపటికి గొంతు సవరించుకున్నాడు. "వెళ్ళిపోదామనే చేతులు ఐదు."

"ఐదా? ఉన్నది నలుగురు కదా!" క్లెమెన్స్ కళ్ళు తెరిచేశాడు. చుట్టూ కళ్ళు తెరుచుకున్నాయి. దొంగ ఓటు వేసినవాణ్ణి చూడకుండా ఏ అప్పెన్‌జెల్ మనిషీ ఉండలేడు.

ఫిలోమెనా చెయ్యి లేచి ఉంది. రాఫాయెల్‌దీ, మాగ్నుస్‌దీ కూడా. వాళ్ళ వెనక బాప్టిస్ట్ బ్రోగర్ రెండు చేతులూ పైకెత్తి, కళ్ళు ఇంకా గట్టిగా మూసుకుని నిలబడి ఉన్నాడు. కన్నీళ్ళు గడ్డంలోకి కారుతున్నాయి.

"మామా!" అన్నాడు రాఫాయెల్.

"మీ కోసం ఎత్తానురా" అన్నాడు బాప్టిస్ట్ కళ్ళు తెరిచి. "నువ్వు ఆ పిల్ల కోసం ఉందామంటున్నావనుకున్నా. ఫిలోమెనాకి ఇన్నాళ్ళకి పేరొచ్చింది కదా, మధ్యలో తీసుకుపోతే పాపం అనుకున్నా. మాగ్నుస్ ఏమీ అనడు, కాబట్టి సంతోషంగా ఉన్నాడనుకున్నా. వస్తువులు పోయాయని తెలిసినప్పటి నుంచి సెయింట్ ఆంటనీకి దణ్ణం పెట్టుకుంటున్నా, స్వామీ, ఈ ఒక్కసారికి వెతక్కు, గడువు దాటనీ అని."

"అందుకేనా నా అగ్గిపెట్టె లాక్కున్నావు?"

"వెలిగిస్తే దొరికేస్తాయి కదరా!"

మాగ్నుస్ అన్నిటికంటే ముఖ్యమైన విషయం దగ్గరే ఆగిపోయి ఉన్నాడు. నియమం నియమమే. "పెద్దాయనా, రెండు చేతులెత్తితే ఓటు చెల్లదు."

బాప్టిస్ట్ తన చేతులు రెండూ ఒకసారి చూసుకున్నాడు. "కుడిచెయ్యి మొన్న అబద్ధమాడింది. ఇవాళ దాని మాట ఎవరు నమ్ముతారు? అందుకని ఎడమచేతిని సాక్ష్యానికి ఎత్తాను."

ఫిలోమెనా లేచి వెళ్ళి ఆ రెండు చేతులూ పట్టుకుని కిందికి దించింది.

టామ్సెన్ కొత్త కార్నే మూసి, అట్ట మీద దుమ్ము దులిపి, ఆవిడకు తిరిగి ఇచ్చేశాడు. "దీంతో పనిలేదు. మీ వాణిజ్య మండలికి అప్పగించండి. పాతది రేపటి దాకా బతికే ఉంది. ఈలోగా సామాను మొత్తం సరిహద్దులో చూపించి దాటిపోండి. మీ సంతకం నిలబడుతుంది." సిరా అద్దిన ముద్రను చూసి ఆయనకు కాస్త దిగులేసినట్టుంది. దాన్ని ఒక చిత్తుకాగితం మీద కొట్టి తృప్తిపడ్డాడు.

అద్దె వ్యాన్లోకి సామాను ఎక్కిస్తుంటే క్లెమెన్స్ గొడుగు చంకలో పెట్టుకుని గ్రాఫ్ పక్కకు చేరాడు. "మేడమ్, నేను బాప్టిస్టే దొంగనుకున్నాను."

"దగ్గరికే వచ్చావు నాయనా. దొంగతనం చెయ్యనివాడు ఆయనొక్కడే. కాకపోతే దేవుణ్ణి తోడుదొంగను చెయ్యబోయాడు."

బండి కదిలింది. పొలం పక్కనుంచి పోతుంటే పొడుగాటి ఆవు ఒకటి బోడి మెడతో కంచె దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. మాగ్నుస్ బండి ఆపమన్నాడు. దిగి వెళ్ళి, దాని మెడ చాలాసేపు నిమిరి, తిరిగొచ్చి, కిటికీ పక్కన కూర్చుని పెద్దగంటను ఒక్కసారి ఊపాడు. ఆ తర్వాత సరిహద్దు దాకా డ్రైవరు తప్ప అందరూ నిద్రపోయారు.